బంతి ఆటలో ఏమున్నది?

ఒక కర్ర, ఒక బంతి. ఈ రెండింటి కొరకు లోకములో కోట్లాదిమంది అన్నము నీళ్ళు మరచిపోతారు. అమెరికా దేశములో ఆ ఆటను బేస్‌బాల్ అంటారు. మన దేశములో క్రికెట్టు అంటాము. ఆటలు వేరైనా ఆకర్షణ ఒక్కటే. మా సంఘములోని తల్లులు తరచుగా మమ్ములను అడిగే ప్రశ్న కూడా ఒక్కటే. "అయ్యగారూ, మావాడు పుస్తకము పట్టుకొంటే నిద్రపోతాడు. బ్యాటు పట్టుకొంటే ఆకలి కూడా వేయదు. ఆ బంతి ఆటలో ఏముందండీ?" అంటారు. ఆ మాటలో కొంత విసుగు, కొంత దిగులు ఉంటాయి.

ప్రియ పాఠకులారా, ఈ నెల ఆ ప్రశ్నకే జవాబు వెదకాలని అనుకొన్నాము.

టీవీల వల్ల, వ్యాపార ప్రకటనల వల్ల ఈ పిచ్చి పట్టుకొన్నదని చెప్పి తప్పించుకోవడము సులభము. అందులో కొంత నిజము లేకపోలేదు. అయితే మన పల్లెల్లో టీవీలు రాకముందే ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకొని గట్ల మీద నడిచినవారు ఉన్నారు. ఆటగాళ్ళ ముఖములు చూడకుండానే వారి పేర్లు, పరుగులు కంఠతా పట్టినవారు ఉన్నారు. అమెరికాలో కూడా అంతే. 1869లో సిన్సినాటి నగరములో జీతములు తీసికొని ఆడే మొదటి బేస్‌బాల్ జట్టు ఏర్పడినప్పుడు రేడియో కూడా లేదు. కనుక ఆకర్షణ పెట్టెలో లేదు, ఆటలోనే ఏదో ఉన్నది.

మొదటి సంగతి, ఈ ఆట పేదవానిని వెళ్ళగొట్టదు. దెందులూరు చుట్టుప్రక్కల ఏ పల్లెకైనా సాయంకాలము వెళ్ళి చూడండి. కొబ్బరి మట్టను చెక్కి బ్యాటు చేసికొంటారు. మూడు పుల్లలు గుచ్చితే వికెట్లు, పుల్లలు లేకపోతే ఇటుకలు పేర్చుకొంటారు, ఇటుకలు లేకపోతే గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీస్తారు. తలా కొంత వేసికొని బంతి కొంటారు. స్థలమును బట్టి చట్టములు కూడా వారే వ్రాసుకొంటారు. బంతి ఫలానావారి ప్రహరీ దాటితే అవుటు, గడ్డివాములో పడితే రెండు పరుగులు, మొదటి బంతి ట్రయల్ బంతి. మనుషులు చాలకపోతే ఇరుప్రక్కలా ఆడే జోకరు ఒకడుంటాడు. పంటలు వేసికొని జట్లు పంచుకొంటారు. తొండి చేసినవానిని మరునాడు ఆటకు పిలువరు. పెద్దలు చెప్పకుండానే పిల్లలు ఇంత న్యాయము నేర్చుకొంటున్నారంటే అది చిన్న సంగతి కాదు.

రెండవ సంగతి, ప్రతివానికి వంతు వస్తుంది. మన జీవితములో వంతు రానివారు ఎంతమంది! రేషను వరుసలో, ఆఫీసు గుమ్మము దగ్గర, పెళ్ళి సంబంధములలో వంతు కోసము కనిపెట్టి కనిపెట్టి అలసినవారు ఉన్నారు. ఆటలో మాత్రము పదకొండవ వాడు కూడా బ్యాటు పట్టుకొని నడచి వస్తాడు. ఆ కొద్దిసేపు అందరి కళ్ళు వాని మీదనే ఉంటాయి. బేస్‌బాల్‌లో కూడా తొమ్మిదిమంది వరుసగా వచ్చి కొట్టవలసిందే. గొప్ప ఆటగాడైనా తన వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చొని ఉండవలసిందే.

ఈ రెండు ఆటలకు ఒక చిన్న తేడా ఉన్నది. బేస్‌బాల్‌లో బంతిని కొట్టినవాడు మూడు మజిలీలు దాటి బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. ఆ చోటిని వారు 'హోమ్' అంటారు, అనగా ఇల్లు. ఇల్లు చేరితేనే పరుగు లెక్క. క్రికెట్టులో ఒంటరి పరుగు లేదు. ఇద్దరు ఒకేసారి కదలాలి. ఒకడు పిలిచి మరొకడు వినకపోతే ఎవరో ఒకరు అవుటవుతారు. కొత్తగా పెళ్ళయిన దంపతులకు మేము ఈ పోలిక చెప్పినప్పుడు నవ్వుతారు. నవ్వినా, ఇంటికి వెళ్ళిన తరువాత గుర్తు చేసికొంటారు.

మూడవ సంగతి, ఈ ఆటలు గడియారమునకు లోబడినవి కావు. ఫుట్‌బాల్, కబడ్డీ నిమిషములు చూచి ఆపుతారు. బేస్‌బాల్‌లో చివరివాడు అవుటయ్యేదాకా ఆశ ఉంటుంది. క్రికెట్టులో ఓవర్లు లెక్కిస్తారు, అయిదు రోజుల ఆటలో అయితే రెండవ ఇన్నింగ్సు కూడా ఇస్తారు. మొదటిసారి తప్పిపోయినవానికి మరల అవకాశము! దీనిని గూర్చి మన తెలుగువాని కథ ఒకటి ఉన్నది.

2001 మార్చి నెలలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఆస్ట్రేలియాతో టెస్టు జరిగింది. అప్పటికి ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి ఉన్నది. వారు 445 పరుగులు చేస్తే మనవారు 171కే కూలిపోయారు. వెంటనే మరల ఆడండి అని ఫాలో ఆన్ ఇచ్చారు. మొదటి ఇన్నింగ్సులో 59 పరుగులు చేసిన హైదరాబాదు యువకుడు వి.వి.యస్. లక్ష్మణ్‌ను ఈసారి మూడవ స్థానములో పంపించారు. ఆయన 281 పరుగులు చేశాడు. రాహుల్ ద్రావిడ్ 180 చేశాడు. నాలుగవ రోజు పొద్దుటి నుండి సాయంత్రము వరకు వారిద్దరిలో ఒక్కరూ అవుటు కాలేదు. చివరి రోజు హర్భజన్ సింగ్ బౌలింగుకు ఆస్ట్రేలియా కూలిపోయింది, భారతదేశము 171 పరుగుల తేడాతో గెలిచింది. ఫాలో ఆన్ ఆడి గెలవడము టెస్టుల చరిత్రలో అది మూడవసారి మాత్రమే. పరీక్ష తప్పి ఇంటిలో తల దించుకొని కూర్చొన్న పిల్లవానికి ఉపదేశము కంటె ఈ కథ త్వరగా అర్థమవుతుంది. ఆ సంగతి మేము చూచినదే.

నాలుగవ సంగతి, ఆటలో మనవారు ఉన్నారనే సంతోషము. భారతదేశము మొట్టమొదటి టెస్టును 1932 జూన్ 25న లండన్ లార్డ్స్ మైదానములో ఆరంభించింది. ఆ జట్టు నాయకుడు సి.కె. నాయుడు, అనగా కొఠారి కనకయ్య నాయుడు. పుట్టింది నాగపూరులో, పూర్వులది మన మచిలీపట్నము. అంతకుముందు 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుండి వచ్చిన జట్టు మీద ఆయన 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టాడు. దొర వేసిన బంతిని మనవాడు ఆకాశములోనికి కొట్టగలడని ఆనాడు జనము కన్నులారా చూచారు. అంతకంటె ముందే, 1888లో, మద్రాసులో బుచ్చిబాబు నాయుడు అనే తెలుగువాడు భారతీయుల కొరకు మద్రాస్ యునైటెడ్ క్లబ్బు స్థాపించాడు. తెల్లవారి క్లబ్బులో మనవారికి చోటు లేని రోజులవి. తరువాత 1983లో అదే లార్డ్స్‌లో, అదే జూన్ 25న మనవారు ప్రపంచకప్పు గెలిచారు.

నేడు మన పిల్లలు సముద్రములు దాటి వెళ్ళినా ఆటను విడువలేదు. తెలుగువారు వేలాదిగా స్థిరపడిన అమెరికాలోని డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీ అనే ఊరిలో ఒక బేస్‌బాల్ మైదానము ఉండేది. దానిని క్రికెట్టు మైదానముగా మార్చి 2023లో ఆటలు మొదలుపెట్టారు. 2024 జూన్‌లో అక్కడే అమెరికా జట్టు పాకిస్తాన్‌ను ఓడించింది. బేస్‌బాల్ పుట్టి పెరిగిన దేశములోనే ఒక ఆట మరొక ఆటకు స్థలమిచ్చింది.

ఇంతవరకు చెప్పినవి సంతోషకరమైన సంగతులు. ఇక చెప్పబోయేది కొంత బరువైనది.

మన తెలుగులో బంతి అనే మాటకు రెండు అర్థములున్నాయి. ఆడుకొనేది ఒక బంతి. విందులో వరుసగా కూర్చొని తినేది మరొక బంతి. మొదటి బంతిలో అందరూ చేయి వేయవచ్చును. రెండవ బంతిలో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చొంటారన్నదే మన దేశములో వేల సంవత్సరముల తగవు.

బొంబాయి ప్రాంతములో పల్వంకర్ బాలూ అనే బౌలరు ఉండేవాడు. అంటరానివాడని పిలువబడిన కుటుంబములో పుట్టాడు. పూనాలో మైదానము బాగుచేసే పనివానిగా ఉండి, తెల్లవారికి బంతులు వేసి వేసి గొప్ప స్పిన్ బౌలరు అయ్యాడు. గెలుపు కొరకు హిందూ క్లబ్బువారు ఆయనను జట్టులో చేర్చుకొన్నారు. మైదానములో ఆయన ముట్టిన బంతినే అందరూ ముట్టారు. టీ విరామములో మాత్రము ఆయనకు పెవిలియను బయట మట్టి ముంతలో టీ పోశారు. 1911లో ఇంగ్లండు వెళ్ళి నూరుకు పైగా వికెట్లు తీసికొని వచ్చిన మనిషికి జట్టు నాయకత్వము ఏనాడూ ఇవ్వలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌ను నాయకునిగా చేశారు. అన్నకు దక్కనిది తమ్మునికి దక్కడానికి అన్ని సంవత్సరములు పట్టింది.

అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇదే గోడ ఉండేది. నల్లజాతివారిని పెద్ద జట్లలోనికి రానిచ్చేవారు కారు. బ్రూక్లిన్ జట్టు అధికారి బ్రాంచ్ రికీ అనే మెథడిస్టు విశ్వాసి ఆ గోడను పడగొట్టాడు. ఆదివారము మైదానమునకు వెళ్ళనని నియమము పెట్టుకొన్న మనిషి ఆయన. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు ఆయన జట్టులో ఆడాడు. తిట్లు, బెదిరింపులు అన్నీ వచ్చాయి. రాబిన్సన్ తిరిగి తిట్టకుండా ఆడి చూపించాడు. ఆయన వేసికొన్న 42వ నంబరును 1997లో అన్ని జట్లూ ఆయన గౌరవార్థము ప్రక్కన పెట్టివేశాయి. ఆదివారమును ఆచరించడము చాలామందికి తెలుసు. సోమవారమునాడు న్యాయము చేయడము కూడా విశ్వాసములోనిదే అని రికీ జీవితము మనకు చూపుతుంది.

మన ప్రాంతములో జరిగిన ఒక సంగతి చెప్తాము. ఊరి పేరు వద్దు. కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతి పండుగకు ప్రక్క గ్రామమువారు టోర్నమెంటు పెట్టారు. ఈ ఊరిలో ఎప్పుడూ రెండు జట్లు ఉండేవి, ఊరి జట్టు, పేట జట్టు. ఆ సంవత్సరము ఊరి పిల్లలలో కొందరు చదువులకు హైదరాబాదు వెళ్ళి రాలేదు, ఏడుగురే మిగిలారు. పేట పిల్లలలో కొందరు చేపల పట్టుబడి పనులకు వెళ్ళారు, ఆరుగురే మిగిలారు. పెద్దలను ఎవరూ అడుగలేదు. పిల్లలే కలిసి ఒకే జట్టుగా పేరు ఇచ్చారు.

మొదటి రోజు ఊరి నుండి ఒక పెద్దాయన ఆటోలో రెండు నీళ్ళ టిన్నులు పంపించాడు. రెండెందుకో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నమునకు ఒక టిన్ను ఖాళీ అయింది. ఎండ మండిపోతున్నది. అందరూ రెండవ దానిలోనే, ఒకే గ్లాసుతో త్రాగారు. దానిని గూర్చి అక్కడ ఎవరూ ప్రసంగము చేయలేదు. సెమీఫైనలులో ఓడిపోయి, ఒకే ట్రక్కు ఆటోలో పాటలు పాడుకొంటూ ఇంటికి వచ్చారు.

ఇది ఇక్కడితో ముగిస్తే బాగుండేది. మరుసటి సంవత్సరము ఆ జట్టు నిలువలేదు. గట్టు మీద కూర్చొన్న పెద్దవారు పందెములు కాశారు. ఒక రనవుటు దగ్గర మాట మాట పెరిగింది. కులము పేరు ఎత్తారు. పిల్లల తగవు కాదది, పందెము పోగొట్టుకొన్న పెద్దల తగవు. జట్టు మరల రెండుగా చీలింది. అయితే ఆ పాత జట్టులోని కీపరుకు నిరుడు పెళ్ళి జరిగింది. ఊరి పిల్లవాడు. తన బౌలరును పేట నుండి పిలిపించి, స్నేహితుల బంతిలో తన అన్నదమ్ముల మధ్య కూర్చోబెట్టి తానే నిలువబడి వడ్డించాడు. కొందరు పెద్దలు చూచి మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కొందరు మాత్రము ఆ బంతిలోనే కూర్చొన్నారు.

కనుక మా తల్లులు అడిగిన ప్రశ్నకు మేము ఇచ్చే జవాబు ఇది. పిల్లవానికి ఆ ఆటలో తన వంతు దొరుకుతున్నది, తనను పిలిచే తోడు దొరుకుతున్నది, తప్పినా మరల నిలబడే అవకాశము దొరుకుతున్నది. బయట లోకము అతనికి సులభముగా ఇవ్వనివి ఇవి. అందుకే ఆకలి తెలియదు.

ఆ అవకాశము అందరికీ చేరుతున్నది కూడా. చూపు లేనివారు కూడా క్రికెట్టు ఆడతారని మీకు తెలుసా? ప్లాస్టిక్ బంతిలో చిన్న ఇనుప గుండ్లు వేస్తారు. బంతిని క్రింది నుండి విసరుతారు, గలగల శబ్దము విని కొడతారు. మన ఆంధ్రుడు అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వములో అంధుల జట్టు 2018లో ప్రపంచకప్పు గెలిచింది. ఆయనకు 2023 సంవత్సరపు అర్జున అవార్డు ఇచ్చారు. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్పు తెచ్చారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో స్పిన్ బౌలరు. ఆడపిల్లకు బ్యాటెందుకు అనే తల్లిదండ్రులు ఆ రాత్రి టీవీ ముందు మేలుకొని కూర్చొన్నారు.

అయినను తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండవలసిన స్థలములు రెండున్నాయి.

ఒకటి పందెము. ఆట వేరు, పందెము వేరు. ఆటలో ఓడినవాడు రేపు మరల వస్తాడు. పందెములో ఓడినవాడు భార్య మెడలోని గొలుసు తీసికొని వస్తాడు. కోడిపందెములు ఏటికొకసారి వస్తాయి, క్రికెట్టు పందెము చేతిలోని ఫోనులో పగలు రాత్రి ఉంటుంది. 2020లో మన రాష్ట్రము చట్టమును సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించింది. 2025లో కేంద్రము కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టము తెచ్చింది. చట్టము బయట కాపలా కాస్తుంది. ఇంటిలోపల కాపలా మనదే. పిల్లవాడు స్కోరు అడిగితే భయపడవద్దు, స్కోరుతోపాటు అప్పు అడిగితే కూర్చోబెట్టి మాట్లాడండి.

రెండవది, ఆటను బ్రతుకుతెరువుగా కలగనడము. 2024 డిసెంబరులో విశాఖపట్నము కుర్రవాడు నితీష్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో టెస్టు శతకము కొట్టినప్పుడు గ్యాలరీలో అతని తండ్రి కన్నీళ్ళు కార్చడము లోకమంతా చూచింది. కొడుకు ఆట కొరకు ఉద్యోగము విడిచిన తండ్రి ఆయన. ఆ కన్నీళ్ళు మనకు సంతోషము కలిగించాయి. అయితే అలా వెళ్ళగలిగేవారు లక్షలలో ఒకరు. మిగిలినవారికి ఆట ఆటగానే మేలు చేస్తుంది, చదువు ప్రక్కన దానికొక సాయంకాలము చాలు.

ఆదివారము ఉదయము మాటేమిటని కొందరు పెద్దలు అడుగుతారు. మా సంఘములో యౌవనులతో కూర్చొని మాట్లాడి, పది గంటలకు ఆరాధన, నాలుగు గంటలకు ఆట అని పెట్టుకొన్నాము. సంఘ పెద్దలలో ఇద్దరు అంపైర్లుగా వస్తారు. ఇంగ్లండు తరఫున 1882లో ఆస్ట్రేలియాతో ఆడిన సి.టి. స్టడ్ 1885లో చైనాకు మిషనరీగా వెళ్ళాడు, తరువాత మన నీలగిరులలోనూ, ఆ తరువాత ఆఫ్రికాలోనూ సేవ చేశాడు. బ్యాటు పట్టిన చేయి ఇతర మంచి పనులకు పనికిరాదని ఎవరూ అనలేరు. జెకర్యా ప్రవక్త బాగుపడిన యెరూషలేమును చూచినప్పుడు దాని వీధులలో ఆటలాడుకొనే మగపిల్లలు, ఆడపిల్లలు కూడా కనిపించారు.

చివరిగా పెద్దలకు ఒక మనవి. వరి చేను కోత అయిన తరువాత కొంతకాలము ఖాళీగా ఉంటుంది, ఆ కాలములో అది పిల్లలదే. కొల్లేటి వైపు చేలు చేపల చెరువులైన తరువాత ఆ ఖాళీ కాలము పోయింది. చెరువు గట్టు మీద బంతి ఆడలేరు. పిల్లలు రోడ్ల మీదికి, రైలు పట్టాల ప్రక్కకు వెళ్తున్నారు. గ్రామకంఠములో గాని, బడి ప్రక్కన గాని, మందిరము వెనుక గాని అరయెకరము స్థలము ఆట కొరకు విడిచిపెట్టండి. ఊరికి ఒకటి, పేటకు ఒకటి కాదు, రెండింటికీ కలిపి ఒక్కటే. అక్కడ ఒకే నీళ్ళ టిన్ను, ఒకే గ్లాసు పెట్టండి. మిగిలినది పిల్లలు చూచుకొంటారు.